సవర్ణీకరణం నుంచి తెలుపు దాకా: మచ్చల చికిత్స – ఒక చారిత్రక పరిశీలన

చర్మం రంగులో వచ్చే తేడాలకు తెలుగులో మాటలు తక్కువేమీ కాదు. చెంపల మీద, ముక్కు మీద, పైపెదవి మీద గోధుమ, నలుపు కలిసి పరుచుకునేది మంగు. వీపు మీద, మెడ మీద లేత రంగులో పొడలు పొడలుగా కనిపించి సన్నని పొట్టు రాల్చేది శోభి. రంగు పూర్తిగా పోయి తెల్లబారితే బొల్లి. జన్మతః వచ్చినది పుట్టుమచ్చ. పాత నిఘంటువులలో కనిపించే సిబ్బెము అనే మాట సంస్కృత సిధ్మ శబ్దానికి తద్భవంగా తోస్తుంది. ఈ పేర్లన్నింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. ఇవి మచ్చను చెబుతాయి. మచ్చ ఉన్న మనిషి ఛాయను చెప్పవు. నల్లని మనిషికీ మంగు వస్తుంది, ఎర్రని మనిషికీ వస్తుంది. నలుపు ఛాయ, మంగు వ్యాధి అన్న విభజన వాడుక భాషలోనే స్థిరపడి ఉంది.

ఇవాళ మందుల దుకాణం ముందు నిలబడితే ఆ విభజన వినిపించదు. పిగ్మెంటేషన్ పోవడానికని అడిగినవారి చేతికీ, రంగు రావడానికని అడిగినవారి చేతికీ చాలాసార్లు ఒకే ట్యూబు వస్తుంది. భిన్నమైన ఈ రెండు కోరికలు ఒకే మందులో ఎలా కలిశాయన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. సంస్కృత వైద్య సంహితలు మచ్చల చికిత్సకు పెట్టుకున్న లక్ష్యం సవర్ణీకరణం, అంటే చెడిన చోటును చుట్టూ ఉన్న చర్మంతో సమానమైన రంగుకు తేవడం. ఇరవయ్యో శతాబ్దపు రసాయనాలకు ఆ వివేచన లేదు. మచ్చలోని రంగుకూ ఒంటి రంగుకూ వాటి దృష్టిలో తేడా లేకపోవడమే ఈ కలయికకు మూలమని నా అభిప్రాయం. పరిధి దృష్ట్యా ప్రాచీన భాగాన్ని చరక, సుశ్రుత, వాగ్భట గ్రంథాలకే పరిమితం చేస్తున్నాను.

సంహితలలో మచ్చ

సుశ్రుత సంహిత నిదానస్థానంలో 44 క్షుద్రరోగాల పరిగణన ఉంది. క్షుద్రమంటే ఇక్కడ నీచమని కాదు, స్వల్పమని. వ్యంగం, న్యచ్ఛం, తిలకాలకం ఈ వర్గంలోనివే. క్రోధం వల్ల, ఆయాసం వల్ల ప్రకోపించిన వాయువు పిత్తంతో కూడి ముఖానికి చేరి కలిగించే నొప్పిలేని, పలుచని, శ్యావవర్ణపు మండలం వ్యంగమని సుశ్రుతుడి నిర్వచనం. మన మంగుకు ఇది చాలా దగ్గర. వాగ్భటుడు శోకాన్ని కూడా కారణాలలో చేర్చి, దోషాన్ని బట్టి వ్యంగాన్ని విభజించాడు: వాతజమైతే గరుకుగా, పిత్తజమైతే అంచున రాగి రంగుతో, కఫజమైతే తెల్లని అంచుతో దురదగా ఉంటుంది, రక్తజమైతే అంచు ఎర్రబడి చిమచిమలాడుతుంది. రోగి ముఖాన్ని దగ్గరగా, ఓపికగా చూసినవారి వర్ణన ఇది. ఒక విశేషం గమనించాలి. ఆధునిక వైద్యం ఈ వ్యాధికి ప్రధాన కారకంగా భావించే ఎండ ప్రసక్తి ఆ నిర్వచన శ్లోకాలలో లేదు.

చర్మానికి ఏడు పొరలున్నాయని సుశ్రుతుడి శారీరస్థానం చెబుతుంది. అందులో రెండవదైన లోహిత వ్యంగానికీ న్యచ్ఛానికీ తిలకాలకానికీ స్థానం. నాలుగవదైన తామ్ర కిలాసానికీ కుష్ఠానికీ స్థానం. నేటి చర్మవైద్యులు మంగు పైపొరలోనే ఉందా, లోపలి పొరకు దిగిందా అని చూసి చికిత్స ఫలితాన్ని అంచనా వేస్తారు. రెండు శాస్త్రాల పొరలూ ఒకటేనని వాదించడం తొందరపాటు. లోతును బట్టి మచ్చలను వేరు చేయాలన్న ఆలోచన మాత్రం రెండింటా ఉంది.

చికిత్సాస్థానంలో ఈ మచ్చలకు సిరామోక్షం, సముద్రపు నురుగుతో రుద్దడం, పాలుగారే చెట్ల పట్టల ముద్ద పూయడం చెప్పారు. పాలుగారే చెట్లంటే మర్రి, రావి, మేడి, జువ్వి వంటివి. తరువాతి గ్రంథాలలో మర్రి మొలకలు, మసూరు పప్పు, మంజిష్ఠ, లొద్దుగ, ఎర్రచందనం వంటి ద్రవ్యాలు పదే పదే కనిపిస్తాయి. ఇవన్నీ మచ్చ మీద పూసేవే.

సుశ్రుతుడు వ్రణాలకు చెప్పిన 60 ఉపక్రమాలలో పక్కపక్కనే ఉన్న రెండు మన విషయానికి మరింత ముఖ్యం. ఒకటి కృష్ణకర్మ, రెండోది పాండుకర్మ. పుండు మాని తెల్లని మచ్చ మిగిలితే దాన్ని నల్లబరచడం కృష్ణకర్మ. నల్లని మచ్చ మిగిలితే దాని నలుపు తగ్గించడం పాండుకర్మ. కృష్ణకర్మకు నల్లజీడి గింజలను గోమూత్రంలో, ఆపైన పాలలో నానబెట్టి, వాటి నుంచి తీసిన నూనెలో జంతువుల గిట్టల బూడిద కలిపి పూయమన్నారు. మన చాకళ్లు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టినది ఈ జీడితోనే; దాని రసం చర్మాన్ని పొక్కిస్తుందని వారికి తెలుసు. ఇంత తీవ్రమైన ద్రవ్యాన్ని వాడవలసివచ్చినా తెల్లమచ్చను అలా వదలకూడదని గ్రంథకర్త భావించాడు. చర్మం తన రంగుకు రావాలన్నది సూత్రం. ఆ రంగు ఏదన్నది రోగిని బట్టి ఉంటుంది.

ఇంతకంటె పాతదైన సాక్ష్యం అథర్వవేదంలో ఉంది. మొదటి కాండలోని 23, 24 సూక్తాలు కిలాసమనే పాలిపోయిన మచ్చలకు రంగు ఇమ్మని నల్లని ఓషధులను ప్రార్థిస్తాయి. అక్కడ వైద్యం నడిచిన దిశ తెలుపు నుంచి నలుపుకు.

చరకుడి ఇంద్రియస్థానం దీన్ని మరింత స్పష్టం చేస్తుంది. శరీరానికి సహజమైన రంగులు నాలుగని అక్కడ ఉంది: కృష్ణం, శ్యామం, శ్యామావదాతం, అవదాతం. వికారాన్ని సూచించేవి నీలం, శ్యావం, తామ్రం, హరితం, శుక్లం. నలుపు సహజ వర్ణాల జాబితాలో మొదట ఉంది. శుక్లం రోగ వర్ణాల జాబితాలో ఉంది. వర్ణ్య ద్రవ్యాలంటూ చరకుడు చెప్పిన పది మూలికలను (చందనం, వట్టివేరు, అతిమధురం, మంజిష్ఠ, సుగంధిపాల మొదలైనవి) నేటి ప్రకటనలు తెల్లబరిచే మూలికలుగా చెప్పుకుంటున్నాయి. వర్ణ్యమంటే వర్ణానికి హితమైనదని అర్థం. అది ఏ వర్ణమో ఆ మాట చెప్పదు.

ఇంతమాత్రాన ప్రాచీనులకు తెల్లని ఛాయ మీద మక్కువ లేదనడం సత్యం కాదు. చరకుడి శారీరస్థానంలోనే తెల్లని కొడుకును కోరే స్త్రీకి ప్రత్యేక నియమాలున్నాయి, అవే ముందు వచ్చాయి, విస్తారంగా వచ్చాయి. శ్యామవర్ణుడిని గాని కృష్ణవర్ణుడిని గాని కోరే స్త్రీల ప్రస్తావన ఆ వెంటనే ఉన్నా అది క్లుప్తం. ఛాయల మధ్య తారతమ్యం ఆనాడూ ఉంది. అయితే ఆ కోరికకు చోటు గర్భాధాన ప్రకరణంలో, మచ్చలకు చోటు క్షుద్రరోగాల ప్రకరణంలో. పుట్టిన తరువాత నల్లని మనిషిని రోగిగా లెక్కించి చికిత్స చేసే అధ్యాయం ఈ గ్రంథాలలో నాకు కనిపించలేదు.

రసాయనాల రాక

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి టైరోసినేజ్ అనే ఎంజైమ్ కావాలి. దాని పనికి రాగి ఆధారం. పాదరసం ఆ ఎంజైమ్‌కు అడ్డుపడుతుంది. పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా, అమెరికాలలో మచ్చల నివారణకు అమ్మిన ద్రావణాలలో పాదరస లవణాలుండేవి. వాటిలోని పాదరసం చర్మం గుండా లోపలికి దిగి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 1972లో నైరోబీ వైద్యులు పెద్దలలో కనిపించిన నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కు తెల్లబరిచే క్రీములతో ఉన్న సంబంధాన్ని ప్రచురించారు. యాభయ్యేళ్ల తరువాత కేరళలోని మలప్పురం జిల్లా వైద్యులు ఇంచుమించు అదే విషయాన్ని మళ్లీ కనుగొనవలసివచ్చింది. ఈ మధ్యకాలంలో మినమాటా అంతర్జాతీయ ఒప్పందం, మన దేశపు 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనలు పాదరసాన్ని కట్టడి చేశాయి.

హైడ్రోక్వినోన్ కథ వేరు. 1939 ప్రాంతంలో అమెరికాలోని ఒక తోళ్ల పరిశ్రమ కార్మికుల చేతులు, ముంజేతులు తెల్లబారాయి. విచారిస్తే వారు తొడుక్కున్న రబ్బరు చేతి తొడుగులలో, రబ్బరు పాడవకుండా కలిపిన మోనోబెంజైల్ ఈథర్ ఆఫ్ హైడ్రోక్వినోన్ కారణమని తేలింది. ఆ కార్మికులకు అది వృత్తి వల్ల వచ్చిన వ్యాధి. వారికి నష్టం కలిగించిన గుణమే మరొకరికి మందుగా పనికివస్తుందన్న ఆలోచన నుంచి ఆ వర్గపు రసాయనాలు చర్మవైద్యంలోకి వచ్చాయి. మూలంలో ఇది ఆరోగ్యవంతమైన చర్మం రంగును పోగొట్టిన పదార్థమన్న సంగతి తరువాతి చరిత్రకు కీలకం.

1975

ఆ ఏడాది మూడు సంఘటనలు వేర్వేరు చోట్ల జరిగాయి.

మొదటిది అమెరికాలో. క్లిగ్‌మన్, విల్లిస్ అనే వైద్యులు 5 శాతం హైడ్రోక్వినోన్, 0.1 శాతం ట్రెటినాయిన్, 0.1 శాతం డెక్సామెథసోన్ కలిపిన సూత్రాన్ని ప్రచురించారు. మంగు చికిత్సలో నేటికీ వాడుకలో ఉన్న త్రిద్రవ్య క్రీములకు ఇదే మాతృక. ఆ వ్యాసం శీర్షికలో మచ్చ లేదు. మానవ చర్మాన్ని వివర్ణం చేసే కొత్త సూత్రమన్నది దాని భావం. అందులో ముందుగా నివేదించినది కూడా మచ్చలపై ఫలితాన్ని కాదు, అయిదు నుంచి ఏడు వారాలలో నల్లజాతి పురుషుల సాధారణ చర్మం పూర్తిగా రంగు కోల్పోయిందన్న విషయాన్ని. మంగుకూ, దెబ్బ మానాక మిగిలే నల్లమచ్చలకూ ఉపయోగమన్నది ఆ తరువాతి మాట. కృష్ణకర్మ, పాండుకర్మలను జంటగా చెప్పిన గ్రంథం పక్కన ఈ వ్యాసాన్ని ఉంచి చదివితే దృష్టిలో వచ్చిన మార్పు తెలుస్తుంది. ఒంటి రంగే ఇక్కడ ప్రయోగానికి వస్తువు.

రెండవది దక్షిణాఫ్రికాలో. హైడ్రోక్వినోన్ క్రీములు దీర్ఘకాలం వాడిన నల్లజాతి స్త్రీల ముఖాలపై నీలి నలుపు మచ్చలు, చిన్న చిన్న గింజలు దట్టంగా లేచాయని ఫిండ్‌లే బృందం నివేదించింది. ఒక్రోనోసిస్ అనే ఈ వికారం దాదాపు నయం కాదు. తెలుపు కోసం పూసినది నలుపునే శాశ్వతం చేసింది. మచ్చ పెరిగిందని స్త్రీలు మరింత పూశారు, పూసిన కొద్దీ మచ్చ ముదిరింది. జాతివివక్ష రాజ్యమేలిన ఆ దేశంలో ఛాయ బతుకుతెరువును నిర్ణయించేది కనుక ఆ స్త్రీలను అజ్ఞానులనడం అన్యాయం. తొంభయ్యో దశకం ఆరంభంలో అక్కడి ప్రభుత్వం సౌందర్య సాధనాలలో హైడ్రోక్వినోన్‌ను నిషేధించింది. తెల్లబరుస్తుంది, ఛాయ తగ్గిస్తుంది అనే మాటలను కూడా ఆ ప్రకటనలలో వాడరాదన్నది. భాషావేత్తలు గమనించదగిన నిషేధం ఇది.

మూడవది మన దేశంలో. ఫెయిర్ అండ్ లవ్లీ మార్కెట్లోకి వచ్చింది. ఇందులో హైడ్రోక్వినోన్ లేదు. నయాసినమైడ్ అనే విటమిన్ దీనికి ఆధారం. పైన చెప్పిన హాని దీనికి అంటగట్టకూడదు. దీని ప్రభావం భాష మీద. ఫెయిర్‌నెస్ అనే మాట మన ఇళ్లలోకి చేరి, ఛాయను కూడా మచ్చలాగే పోగొట్టుకోదగినదిగా చూపింది. 2020లో ఆ పేరులోని ఫెయిర్ తొలగి గ్లో వచ్చింది. అదే ఏడాది, అభ్యంతరకర ఔషధ ప్రకటనలను నిరోధించే 1954 నాటి చట్టానికి కేంద్రం ముసాయిదా సవరణ తెచ్చింది. ఏయే వ్యాధులను నయం చేస్తామని ప్రకటించరాదో చెప్పే ఆ జాబితాలో బొల్లి వంటి వ్యాధులతోపాటు చర్మం తెలుపును చేర్చారు. ఉద్దేశం మంచిదే. కాని తెలుపు కోరికను అదుపు చేయడానికి కూడా దాన్ని వ్యాధుల వరసలోనే పెట్టవలసివచ్చింది.

క్రీము ఆపితే

త్రిద్రవ్య సూత్రంలోని మూడవ ద్రవ్యం స్టెరాయిడ్. వైద్యుడి పర్యవేక్షణలో కొన్ని వారాలు వాడదగిన ఈ క్రీములు మన దేశంలో చీటీ లేకుండా, రంగుకోసం, ఏళ్ల తరబడి వాడుకలోకి వచ్చాయి. మొదటి వారాలలో ముఖం నిగనిగలాడుతుంది. కాలక్రమాన చర్మం పలుచబడి, రక్తనాళాలు బయటికి కనిపించి, మొటిమలు, వెంట్రుకలు లేస్తాయి. ఆపితే ముఖం ఎర్రబడి మండుతుంది కనుక మళ్లీ పూస్తారు. భారతీయ చర్మవైద్యుల సంఘం దీనిపై కార్యదళాన్ని ఏర్పరచి పోరాడింది. 2018 మార్చిలో ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చి, వైద్యుడి చీటీ తప్పనిసరి చేసింది. అంతకుముందు పైపూత మందులన్న పేరుతో వాటికి మినహాయింపు ఉండేది. పైపూత గనుక ప్రమాదం లేదన్న నమ్మకం ప్రజలలో ఎంత బలంగా ఉందో, నిబంధనలలోనూ అంతే ఉండేదన్నమాట.

ఈ మూడు రకాల హానినీ చరకుడి వైకారిక వర్ణాలతో పోల్చి చూడవచ్చు. ఒక్రోనోసిస్ ఇచ్చేది నీల శ్యావాలు. హైడ్రోక్వినోన్ వర్గపు రసాయనాలు అతిగా వాడితే చల్లినట్టు ఏర్పడే తెల్లచుక్కలు శుక్లం. స్టెరాయిడ్ ముఖానిది తామ్రం.

నేటి చర్మవైద్యంలో మంగు తీవ్రతను కొలవడానికి మాసి అనే గణన ఉంది. 1994లో నల్లజాతి రోగులపై ట్రెటినాయిన్‌ను పరీక్షించిన అధ్యయనంలో ఇది రూపొందింది. ముఖాన్ని నుదురు, రెండు చెంపలు, గడ్డం అని విభజించి, మచ్చ ఎంత మేర పరుచుకుంది, ఎంత ముదురుగా ఉంది, ఎంత ఏకరీతిగా ఉంది అని అంకెలు వేస్తారు. ముదురుతనానికి వేసే అంకెలో సున్నా తెలుపును సూచించదు. మచ్చ లేని చోట ఆ రోగి చర్మానికి ఉన్న రంగే అక్కడ సున్నా.