మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు

రంగూన్ శివారు ఇన్సేన్‌లోని మా ఇంట్లో 'మానవ అక్రమ రవాణా' అన్న మాట ఎవరి నోటా రాలేదు. "మేస్త్రీ నన్ను రంగం తీసుకొచ్చాడు" అనేవాడు తాతయ్య. మావాళ్ళకు రంగూన్ అంటే రంగమే. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఓడెక్కి, చివరికి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో కూలీగా కుదిరాడు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు మనల్ని 'కోరంగీలు' అన్నారు.

మేస్త్రీ పని కరువు రోజుల్లో ఊళ్ళో మొదలయ్యేది. ముందు అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. ఓడ టికెట్టు డబ్బులూ ఆ పద్దులోనే రాసేవాడు. ఇక్కడికొచ్చాక యజమాని కూలి డబ్బులు మేస్త్రీకే ఇస్తే, తన వాటా పట్టుకుని మిగిలింది కూలీలకు పంచేవాడు. అడ్వాన్సు తీసుకుని పని మానేసినవాణ్ణి జైలుకు పంపే చట్టం 1859 నుంచీ ఉంది. 1925లో గానీ దాన్ని రద్దు చేయలేదు. వలస కూలీల రక్షణకని 1922లో చట్టం చేశారు, కానీ 1937 దాకా బర్మా ఇండియాలో భాగమే. సముద్రం దాటినా దేశం దాటనట్టే లెక్క. మా తాతలు ఆ రక్షణకు బయటే ఉండిపోయారు.

అందరూ మోసపోయి వచ్చారని మాత్రం నేను అనను. సొంత ఖర్చుతో వచ్చినవాళ్ళున్నారు, రెండేళ్ళు చేసి డబ్బుతో తిరిగెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళనీ 'అక్రమ రవాణా' అన్న మాట కిందికి లాగితే తప్పు.

అసలు 'రవాణా' అన్న మాటే మనల్ని దారి తప్పిస్తుంది. సరిహద్దు, లారీ, చీకటి కళ్ళ ముందుకొస్తాయి. 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పాలెర్మో ఒప్పందంలో చూసేది వేరు. మనిషిని చేర్చుకున్నా, దాచి ఉంచినా చాలు, సరిహద్దు దాటించనక్కర్లేదు. పెద్దవాళ్ళ విషయంలో దానికి బలవంతమో, మోసమో, నిస్సహాయతను వాడుకోవడమో సాధనమై, దోపిడీ ఉద్దేశమై ఉండాలి. మోసంతో రాబట్టిన ఒప్పుకోలు చెల్లదు. భారత శిక్షాస్మృతిలోకి ఇలాంటి నిర్వచనం 2013లో వచ్చింది. మయన్మార్ 2005లోనే చట్టం చేసింది.

ఇప్పుడు థాయ్ సరిహద్దున మ్యావడి దగ్గర సైబర్ మోసాల శిబిరాలున్నాయి. కంప్యూటర్ ఉద్యోగమని నమ్మి వచ్చిన కుర్రాళ్ళలో మన తెలుగువాళ్ళూ చిక్కుకున్నారు. అలా చిక్కుకున్న ఒకడి గురించి మా దూరపు చుట్టం ఒకావిడ ఊరి నుంచి ఫోన్ చేసి, "మావాడు ఇష్టపడే వెళ్ళాడు బాబూ, ఇంక ఎవరినేటి అంటాం?" అంది. నేను రెండే అడిగాను. వాడి పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? వాడి పేరున అప్పెంత రాశారు?