రేసు డ్రైవరు వేసిన కళ్లెం

హద్దు మీరిన వేగాన్ని ఫొటో తీసి జరిమానా పంపే కెమెరాకు మూలపురుషుడు పోలీసూ కాదు, రవాణా అధికారీ కాదు. వేగమంటే పడిచచ్చే ఓ కార్ల రేసు డ్రైవరు. పేరు మారిస్ గాట్సోనిడెస్. డచ్చివారి ఏలుబడిలోని జావాలో 1911లో పుట్టాడు. 1953లో ఫోర్డ్ జెఫైర్ కారు నడిపి మాంటె కార్లో ర్యాలీ గెలిచాడు.

మలుపుల్లో తన కారు ఇంకాస్త జోరుగా పోవాలన్నది ఆయన తపన. వేగం పెరిగిందో లేదో తేలాలంటే కచ్చితమైన కొలత కావాలి. స్టాప్‌వాచీ నొక్కే వేలు ఓసారి తొందరపడుతుంది, ఓసారి ఆలస్యం చేస్తుంది. అందుకే మనిషి చేతిని నమ్మకుండా రోడ్డుకు అడ్డంగా, కొంత ఎడంలో రెండు రబ్బరు గొట్టాలు పరిచాడు. చక్రం మొదటి గొట్టాన్ని తొక్కితే గడియారం కదులుతుంది, రెండోదాన్ని తొక్కితే ఆగుతుంది. గొట్టాల మధ్య దూరాన్ని ఆ సమయంతో భాగిస్తే వేగం తేలిపోతుంది. 1958లో గాట్సోమీటర్ అనే కంపెనీ పెట్టాడు. పందెం కోసం చేసిన పరికరం పోలీసులకు పనికొచ్చింది.

అయితే, దూసుకుపోయిన బండి ఎవరిది? అందుకు జవాబుగా కెమెరా వచ్చి చేరింది. 1960లలో ఎర్రలైటు దాటే బండ్లనూ ఫొటో తీయడం మొదలైంది. 1970లలో గొట్టాల పనిని రాడార్ అందుకుంది. బండికి తగిలి తిరిగొచ్చే తరంగంలోని మార్పే దానికి కొలబద్ద.

మరి రాడార్ పొరబడితే? దానికీ ఉపాయముంది. రోడ్డు మీద సమాన దూరాల్లో తెల్లగీతలు గీశారు. కెమెరా అర సెకను తేడాతో రెండు ఫొటోలు తీస్తుంది. ఆలోగా బండి ఎన్ని గీతలు దాటిందో లెక్కపెడితే రాడార్ చెప్పింది నిజమో కాదో తెలుస్తుంది. ఇలాంటి పరికరాలు ఇచ్చే సాక్ష్యానికి బ్రిటన్ 1991 చట్టంతో దారి తెరిచింది. మరుసటి ఏడాదే లండన్‌లోని ట్వికెన్‌హామ్ వంతెన దగ్గర కెమెరా వెలిసింది. తన కెమెరాలకు తానే దొరికి జరిమానాలు కట్టానని గాట్సోనిడెస్ ఒప్పుకున్నాడు కూడా.

ఫొటోలోని నంబరును మనిషే చదువుకోవాల్సిన అవసరాన్ని తప్పించే పరిశోధన బ్రిటన్ పోలీసు ప్రయోగశాలలో 1976లోనే మొదలైంది. దాని వారసులే నేడు నంబరు ప్లేటు చదివి, యజమాని వివరాలు వెతికి, చలానాకు దారి చూపుతున్నాయి.

మన దేశంలో ఈ కెమెరాల వాడకానికి కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. కెమెరా ఉందని తెలిపే బోర్డు పెట్టాలి. పరికరం సరిగ్గా పనిచేస్తోందన్న ధ్రువపత్రాన్ని ఏటా పునరుద్ధరించాలి. మనిషి వేలిని నమ్మలేక మొదలైన యంత్రాన్ని కూడా గుడ్డిగా నమ్మకూడదన్నదే ఆ షరతులోని తెలివిడి. ఆ ధ్రువపత్రం ఉందా అన్నదే చలానా అందుకున్నవారు అడగదగ్గ మొదటి ప్రశ్న.