అప్పుడూ కంపెనీయే

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే రోజు ఇంట్లో అందరూ అడిగే ప్రశ్న ఒకటే: సీఎస్‌ఈనా, ఐటీనా, లేకపోతే సివిల్, మెకానికల్ లాంటి 'కోర్' బ్రాంచా? ఇది మన తరం బెంగ అనుకుంటాం గానీ, దీని వేర్లు చాలా వెనక్కి వెళ్తాయి.

1794లో మద్రాసులో మైకేల్ టాపింగ్ ఒక సర్వే స్కూలు పెట్టాడు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీకి మూలం అదే. జ్ఞానం పంచుదామని పెట్టింది కాదది. శిస్తు కట్టించాలంటే భూమి కొలవాలి, కొలవడానికి మనుషులు చాలడం లేదు. ఈస్టిండియా కంపెనీకి పని నేర్చిన కుర్రాళ్ళు కావలసొచ్చారు. అంటే మన దగ్గర ఈ చదువు మొదలైందే క్యాంపస్ రిక్రూట్‌మెంట్‌తో! 'సివిల్' కూడా ఒకనాటి కొత్త బ్రాంచి పేరే, సైన్యానికి సంబంధించని ఇంజనీరింగ్ అని. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర మాత్రం మద్రాసు సైన్యంలో ఇంజనీరు.

ఆ తర్వాత వందేళ్ళకి పైగా తెలుగువాళ్ళకి ఇంజనీరంటే నీళ్ళూ, సిమెంటూ, జీపూ. మా నాన్న ఇరిగేషన్ శాఖలో పనిచేశారు. నేను ఐటీలో చేరినప్పుడు, "అందులో ఇంజన్ ఎక్కడుందిరా?" అన్నారు. వెక్కిరింత కాదు, నిజంగానే అడిగారు.

1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ వచ్చింది. అక్కడ తొలి కంప్యూటర్లు తయారుచేసినవాళ్ళకి సీఎస్‌ఈ డిగ్రీలు లేవు, ఎలక్ట్రానిక్స్, ఫిజిక్స్ చదివినవాళ్ళు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ రోజుల్లోనే కాలేజీల్లో సీఎస్‌ఈ పక్కన ఐటీ అని ఇంకో కుర్చీ వేశారు. రెంటికీ తేడా ఏమిటంటే, పుస్తకాల లెక్కన కొంచెం ఉంది. సీఎస్‌ఈలో యంత్రం లోపలి సంగతులు, గణితం కాస్త ఎక్కువ. ఐటీలో డేటాబేసులు, నెట్‌వర్కులు, వాడకం ఎక్కువ. చాలా కాలేజీల్లో మాస్టార్లు వాళ్ళే, ల్యాబూ అదే. ర్యాంకు మాత్రం వేరు.

ఆ కాస్త తేడానీ చెరిపేసింది కంపెనీలే. 'ఏ బ్రాంచైనా సరే' అని అందర్నీ తీసుకున్నాయి. ఇన్ఫోసిస్ అయితే మైసూరులో ఒక ఊరంత క్యాంపస్ కట్టి, సివిల్ వాళ్ళకీ మెకానికల్ వాళ్ళకీ నెలల తరబడి కోడింగ్ నేర్పించింది. నాలుగేళ్ళు చదివింది పక్కన పెట్టించగల శక్తి ఆ నెలలకి ఉందంటే, మనం ఎంచుకున్నది బ్రాంచినా, ఉద్యోగాన్నా? నా లెక్కలో రెండోదే. అందులో తప్పు పట్టేదేమీ లేదు, ఇంటి లోను బ్రాంచి అడగదు కదా. కాకపోతే దాని ఖర్చు ఇంకోచోట పడుతోంది. ఇప్పుడు కాలేజీలు కోర్ సీట్లు తగ్గించుకుని, సీఎస్‌ఈకి ఏఐ, డేటా సైన్స్ అని తోకలు తగిలించి సీట్లు పెంచుకుంటున్నాయి.

2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినప్పుడు మా ఆఫీసు క్యాంటీన్‌లో పెద్ద చర్చ. పునాది కింద ఇసుక ఎలా జారిపోతుందో టిష్యూ పేపరు మీద బొమ్మ గీసి మరీ చెప్పారు ఇద్దరు. ఇద్దరూ సివిల్ చదివినవాళ్ళే, పదేళ్ళుగా జావా రాస్తున్నారు. రెండున్నరకి కాల్ ఉందని లేచి వెళ్ళిపోయాం.