శక్కర్‌నగర్: పేరు మాత్రం మిగిలింది

మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నిజాం ప్రభుత్వం 1931లో మంజీరా నదిపై నిజాంసాగర్ పూర్తిచేసింది. నీళ్ల వెంట చెరకు వచ్చింది. ఆ చెరకును నమ్ముకొని 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది. దాని చుట్టూ పుట్టిన కాలనీయే శక్కర్‌నగర్.

1970వ దశకం చివర నేను బోధన్ తాలూకా కచేరీలో గుమాస్తాను. మా ఇంటి గడియారాన్ని ఫ్యాక్టరీ సైరన్ విని సరిచేసుకునేవాళ్లం. క్వార్టర్లు, బడి, దవాఖానా అన్నీ ఫ్యాక్టరీవే. కిరాణా కొట్టు ఖాతాలు జీతాల రోజునే తీరేవి. పెళ్లి సంబంధాల్లో ఫ్యాక్టరీ పర్మనెంటు ఉద్యోగిదే ముందు వరస. మా వంటి గుమాస్తాలది ఆ తర్వాతే!

2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. జీతాలు ఆగగానే కొట్లలో బేరాలు పడిపోయాయి. చెరకు రైతు దూరపు ఫ్యాక్టరీలకు బండి కట్టవలసి వచ్చింది. అందరి బతుకూ ఒకే గొలుసుకు వేలాడడమే అసలు ప్రమాదమని అప్పుడు తెలిసింది.

తర్వాత ఒకసారి అటు వెళ్లినప్పుడు పాత కార్మికుడొకాయన కలిశాడు. "నీకేం సారూ, ఒకటో తారీఖున పింఛను వస్తది" అన్నాడు. నేను బదులు చెప్పలేకపోయాను. ఆ నెల నుంచి పింఛను అందుకున్నప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది.