కోహీరు ఎఱ్ఱనేలల పూర్వచరిత్ర

హైదరాబాదు నుండి బొంబాయి పోవు రహదారిలో సదాశివపేట దాటి జహీరాబాదు చేరులోపల నేల రంగు మారును. అంతవరకు దారికి ఇరువైపుల కనిపించిన నల్లరేగడి వెనుకబడి, ఇటుకపొడి చల్లినట్లున్న ఎఱ్ఱని మెట్టభూములు ఎదురగును. సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన ఈ పీఠభూమి మీదనే కోహీరు ఉన్నది. చలికాలములో రాష్ట్రమంతటిలో తక్కువ ఉష్ణోగ్రతలు నమోదగు ఊళ్ళలో ఒకటిగా ఇటీవల దీని పేరు వార్తలలో కనిపించుచున్నది. మనకిప్పుడు కావలసినది దాని మన్ను.

ఇక్కడి చెలకలో గడ్డపారతో ఒక గుంట త్రవ్వి చూడుడు. పలుచోట్ల జానెడు, మూరెడు దిగకముందే గడ్డపార ఖంగుమనును. క్రింద ఉన్నది గుల్లగుల్లగా, తేనెపట్టువలె రంధ్రములతో నిండిన ఎఱ్ఱని రాయి. దాని పై పొర పగిలి గులకగా, మొరముగా మారి, అందులో కొంత మెత్తని మన్ను కలిసి ఉండును. దున్నుటకు దొరకునది ఆ కాస్తయే. సాగులేనిచోట మోదుగ, తునికి, సీతాఫలము, తుమ్మ పొదలుగా పెరిగి పలుచని అడవి అనిపించుకొనుచున్నవి.

గోదావరి లోయను చూచిన పాఠకులు ఇది ఇసుకరాతినేల వంటిదే అనుకొనవచ్చును. ప్రాణహిత గోదావరి లోయలోని ఇసుకరాళ్ళను విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పరిశీలించి 1881లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆ రాళ్ళ మీద ఏర్పడిన నేలలును చాలచోట్ల లోతులేనివే, నీరు నిలువనివే, సారము తక్కువైనవే. పైకి చూచుటకు రెండును చుట్టములవలె కనిపించును గాని వాని పుట్టుక వేరు. ఇసుకరాయిలో మొదటినుండి పలుగురాతి రేణువులు తప్ప మొక్కకు పనికివచ్చు ఖనిజములు స్వల్పము. అది పుట్టు పేద. కోహీరు నేల అట్టిది కాదు. అది ఆస్తి కరగిపోయిన జమీందారు.

ఆ ఆస్తి బసాల్టు శిల. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను మీద లావా పొరలు పొరలుగా ప్రవహించి గడ్డకట్టెను. సున్నము, మెగ్నీషియము, ఇనుము దండిగా గల రాయి అది. మన నల్లరేగడి చాలవరకు దాని బిడ్డయే. అయితే ఎత్తైన చదునైన భాగములలో, వేడిమియు వర్షమును అధికముగా ఉన్న ప్రాచీనయుగములందు, ఆ రాయి ఉన్నచోటనే లక్షల సంవత్సరములు కుళ్ళినది. నీటిలో కరగు సున్నము, మెగ్నీషియము, పొటాషియము ముందుగా పోయినవి. సిలికా కూడ చాలవరకు కొట్టుకొనిపోయినది. కరగని ఇనుము, అల్యూమినియము ఆక్సైడులు మాత్రమే మిగిలి గట్టిపడినవి. బీదరు వద్ద ఈ శైథిల్యము దాదాపు 50 మీటర్ల లోతువరకు సాగినది. మిగిలిన ఇనుమునకు మరియొక దుర్గుణము కలదు: రైతు వేసిన భాస్వరమును అది పట్టుకొని మొక్కకు సులభముగా వదలదు.

ఈ రాతికి లాటరైటు అను పేరు పెట్టినవాడు ఫ్రాన్సిస్ బుకానన్. టిప్పుసుల్తాను పతనమైన పిమ్మట కంపెనీవారి ఆజ్ఞపై దక్షిణదేశమున తిరుగుచు, 1800లో మలబారునందలి అంగాడిపురము వద్ద జనులు ఒక మెత్తని రాతిని ఇనుప పనిముట్లతో ఇటుకలవలె కోయుట చూచెను. గాలి తగిలిన కొలది అది గట్టిపడుచుండెను. లాటిను భాషలో ఇటుకకు ‘లేటర్’ అని పేరు. 1807లో అచ్చయిన అతని యాత్రాగ్రంథముతో ఆ పేరు లోకమునకు తెలిసెను. ఆ రాయి ఎట్లు పుట్టినదను తగవు మాత్రము చాలకాలము తెగలేదు. నీరు తెచ్చి పేర్చినదని కొందరు, క్రింది శిలయే కుళ్ళి అట్లు మారినదని కొందరు వాదించిరి. ఆ వాదమునకు సాక్ష్యము వెదకుచు పండితులు మరల మరల వచ్చిన చోట్లలో కోహీరునకు వాయవ్యమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఉన్న బీదరు ఒకటి. మద్రాసు సైన్యమునకు చెందిన కాప్టెన్ న్యూబోల్డ్ 1840లలో అక్కడి లాటరైటును గురించి వ్రాసెను.

పండితులకంటె నాలుగువందల ఏండ్లు ముందే బీదరు పనివారికి ఆ రాతి గుణము తెలిసియుండెను. 15వ శతాబ్దిలో బహమనీ సుల్తానులు రాజధానిని గుల్బర్గా నుండి అక్కడికి మార్చినప్పుడు, కోట చుట్టు అగడ్తలను ఆ రాతిలోనే తొలిచిరి. పారశీక పద్ధతిలో ‘కరేజు’ అను సొరంగపు కాలువను కూడ తవ్విరి. వాననీరు గుల్లరాతిలో ఇంకి, క్రింద నున్న గట్టి బసాల్టును తాకి ఆగునను సంగతి తెలియనిదే అట్టి కాలువను ఎవ్వరును తలపెట్టరు. పైన నీరు నిలువని నేల, అడుగున నీటిని దాచును. ఈ మాట గుర్తుంచుకొనవలెను.

ఇక ఈ నేలకు వెలకట్టిన కథ. బొంబాయి రాజధానిలో గోల్డ్‌స్మిడ్, వింగేట్ అను అధికారులు 1830లలో ప్రారంభించిన సర్వేలో నేలను మూరతో కొలిచి అణాలలో లెక్కించెడివారు. 1847 నాటి వారి సంయుక్త నివేదికలో ఆ పద్ధతి స్థిరపడెను. నిజాం రాజ్యములో మొదటి సాలార్‌జంగు కాలమున 1875లో ఆరంభమైన సర్వేకు అదియే మాదిరి. ఆ పట్టికలో మొదటి తరగతి నల్లనేల 1¾ మూరల లోతున్నచో 16 అణాలు. సాధారణముగా ఎఱ్ఱగా ఉండు రెండవ తరగతి నేల ఎంత లోతున్నను 14 అణాలు దాటదు. అర మూర లోతైనచో 4½ అణాలు, పాతిక మూరయైనచో 3 అణాలు. అట్టి కొలబద్దను కోహీరు చెలకలపై పెట్టినచో ఏమగునో పాఠకులే ఊహింపవచ్చును.

ఆ అధికారులు తెలివితక్కువవారు కారు. అడుగు లోతు ఎఱ్ఱచెలక పైరునకు అందింపగల నీరు సుమారు 30 మిల్లీమీటర్లు. ఎదిగిన జొన్నపైరు దినమునకు 4, 5 మిల్లీమీటర్లు త్రాగును. అనగా వాన ఆగిన వారము దినములకు పైరు వాడును. 1¾ మూరల రేగడి అయినచో నెల దినములు ఓర్చుకొనగలదు. ఏడాదికి 800, 900 మిల్లీమీటర్ల వాన పడినను, అది నాలుగు నెలలలో విడతలు విడతలుగా పడుచోట ఈ తేడాయే రైతు బ్రతుకు. కనుక లోతును కొలుచుట న్యాయమే. అయితే గడ్డపార ఖంగుమన్నచోట వారి కొలత ఆగెను. చెట్టు వేరు అక్కడ ఆగదు. రాతి పగుళ్ళను వెదకికొని తేమవరకు దిగును. హైదరాబాదు బజారులలో పేరుపొందిన కోహీరు జామ ఈ ఎఱ్ఱనేలలలో కాచినదే.

పైరుల విషయమున రైతులు మరొక ఉపాయము పట్టిరి. ఒక్క పంటను నమ్మక జొన్న, కొఱ్ఱ, సామ, కంది, పెసర, అనుము, గోగు ఒకే చెలకలో కలిపి చల్లుదురు. కంది వేరు లోతునకు పోవును. కొఱ్ఱ త్వరగా కోతకు వచ్చి తప్పుకొనును. పప్పుజాతులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. ఒక వాన తప్పినచో అన్నియు ఒకేసారి చావవు. 1983లో పస్తాపూరు కేంద్రముగా ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో చేరిన పేద దళిత స్త్రీలకు ఉన్న భూమి చాలవరకు ఇట్టి అణాలు తక్కువ నేలయే. 1990ల నడుమ వారు బీడు పడిన చెలకలను మరల దున్ని, పండిన జొన్నలో కొంత ఊరి ధాన్యపు నిధికి జమచేయు పద్ధతి నడిపిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము ఇచ్చు ఈక్వేటర్ బహుమతి వారికి లభించెను. బహుమతికంటె వారు బీడులో జొన్న పండించుటయే నాకు పెద్ద వార్తగా తోచును.

బొంబాయి పట్టికలో లోతు, రంగులతోపాటు నేల దోషములకు గుర్తులు కూడ ఉండెడివి. ఏటవాలు ఒక దోషము. పారు నీటికి కోతపడుట మరొకటి. ఒక్కొక్క గుర్తునకు నేల ఒక్కొక్క మెట్టు దిగును. కోహీరు వంటిచోట ఈ కోతయే అన్నిటికంటె ప్రమాదము. పోయిన అంగుళము మన్ను ఆ ఇనుపరాతి నుండి మరల పుట్టుటకు మనుష్యుల లెక్కకందని కాలము పట్టును. అందుచేతనే ఇక్కడి రైతులు చెలకలో ఏరిన రాళ్ళను వాలునకు అడ్డముగా గట్లు పేర్చుదురు. వాననీరు గట్టును దాటుచు తన బురదను ఇవతలనే వదలును. కొన్నేండ్లకు గట్టు వెంబడి ఒక మెత్తని పట్టీ ఏర్పడును. అక్కడ గడ్డపార వేసినచో మూరెడు దిగిన తరువాత గాని ఖంగుమనదు.