ఆర్డెన్ వ్యాకరణం, మెట్ట కృష్ణా శ్రోతలు: మిషనరీ భాషాధ్యయనంపై ఒక పరిశీలన

వీరులపాడు, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్ల క్రైస్తవ చరిత్రలో ముందు వినిపించే పేరు పాగోలు వెంకయ్యది. రాఘవాపురం మాలల పెద్ద అయిన వెంకయ్య 1859లో బెజవాడ మిషనరీ టి. వై. డార్లింగును కలిసి క్రైస్తవం పుచ్చుకున్నాడు. ఆ వెనకే అతని కులస్థులు గుంపులుగా కదిలారు. డార్లింగును పంపిన చర్చ్ మిషనరీ సొసైటీకే చెందిన ఆల్బర్ట్ హెన్రీ ఆర్డెన్ 1873లో తెలుగు వ్యాకరణం ఒకటి అచ్చువేయించాడు. మత చరిత్రకారులు వెంకయ్య గురించి రాస్తారు, భాషా చరిత్రకారులు ఆర్డెన్ గురించి రాస్తారు. ఈ రెంటినీ కలిపి చదవాలన్నది నా వాదం.

ఆ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం చేరింది 1841లో. అదే ఏడు అదే సొసైటీ మిషనరీ షోన్ పశ్చిమాఫ్రికాలో నైజర్ నదీ యాత్రకు వెళ్లాడు. హౌసా భాషాధ్యయనానికి ఆద్యుల్లో ఒకడైన షోన్‌కు చేతిలో ముద్రిత నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. సియెరా లియోన్‌లో విడుదలైన బానిసల నోటి నుంచే అతను హౌసా నేర్చాడు. 1843లో పదపట్టిక, 1862లో వ్యాకరణం, 1876లో నిఘంటువు వెలువరించాడు. చిన్నతనంలో బానిసగా పట్టుబడి, యాత్రికుడు బార్త్ వెంట ఐరోపా చేరిన దోరుగు అనే హౌసా యువకుడు ఇంగ్లండులో షోన్ ఇంట్లో ఉంటూ తన జీవితకథ చెప్పాడు. 1885 నాటి ‘మగానా హౌసా’ సంపుటంలో ఆ కథ ఉంది. భాష చెప్పిన మనిషి పుస్తకంలోనే దొరకడం ఆ కాలపు మిషనరీ గ్రంథాల్లో అరుదు.

ఆర్డెన్ పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. బ్రౌన్ వ్యాకరణం 1840లోనే వచ్చింది, నిఘంటువు 1850లలో వచ్చింది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858 నాటిది. పుస్తకాలకు కొదవ లేదు. కాకపోతే వాటిలో ఏ తెలుగు నేర్చుకోవాలి? పరీక్షకు వెళ్లే దొరకు ‘చేయుచున్నాను’ చాలు. వేపచెట్టు కింద నిలబడి ప్రసంగించేవాడికి ‘చేస్తున్నాను’ రాకపోతే ఎదుటివాళ్లు మొహమొహాలు చూసుకుంటారు. నోబుల్ 1843లో పెట్టిన బడిలో ఈ చిక్కు అంతగా లేదు. అక్కడ అగ్రకులాల పిల్లలు, ఇంగ్లీషు చదువు. రాఘవాపురం దారిలో ఇంగ్లీషూ పనికిరాదు, గ్రాంథికమూ పనికిరాదు.

ఆర్డెన్ పుస్తకం ముందుమాట కంటే దాని నిర్మాణమే ఎక్కువ చెబుతుంది. మొత్తం మూడు భాగాలు. మొదటిది పరిచయం. రెండోది సులువైన వాక్యాల నుంచి అభ్యాసాలతో మెట్టుమెట్టుగా సాగే అసలు వ్యాకరణం. పుస్తకాల్లో వాడే ‘వ్యాకరణ భాష’కు దక్కింది మూడో భాగం. చిన్నయసూరి సూత్రాలు పండితుల చేతుల్లో కొత్తగా మెరుస్తున్న రోజుల్లో, బాలవ్యాకరణం వచ్చిన పదిహేనేళ్లకే, గ్రాంథికాన్ని వెనక్కి జరిపి కూర్చోబెట్టడం చిన్న సాహసం కాదు. పండితుణ్ణి ఒప్పించాల్సిన అవసరం లేని పరాయివాడు కాబట్టి చేయగలిగాడనీ అనుకోవచ్చు.

అలాగని ఆర్డెన్ వాడుక భాషే మాలపల్లె మాట అనుకుంటే పొరపాటు. మునసబు కచేరీలోనూ మునిషీ ఇంట్లోనూ చెల్లే తెలుగుకే అది దగ్గరగా ఉందని నాకు తోస్తుంది. షోన్ గ్రంథంలో దోరుగు స్వయంగా మాట్లాడుతున్నాడు. ఆర్డెన్‌ది పాఠ్యపుస్తకం, అందులో వాక్యాలు అభ్యాసం కోసం పేర్చినవి. వెంకయ్య వంటివాళ్లు మిషను పనికి శ్రోతలయ్యారు, ఆ తర్వాత బోధకులయ్యారు. వాళ్ల ఉచ్చారణ, సామెతలు, తిట్లు మాత్రం ఏ సూత్రానికీ ఉదాహరణలు కాలేదు. వాడుకను సమర్థించే పుస్తకాలన్నీ కింది కులాల నోటిని సమర్థించినట్టేనన్న మన అలవాటు లెక్క ఇక్కడ తప్పుతుంది.

ఆర్డెన్ ఆ తర్వాత కేంబ్రిడ్జిలో తమిళం, తెలుగు బోధించాడు. 1891లో తమిళ వ్యాకరణం రాసినప్పుడు అది జనసామాన్యపు తమిళమని పేరులోనే చెప్పేశాడు. 1910లలో గిడుగు రామమూర్తి వ్యావహారికం కోసం పోరాడేనాటికి ఆర్డెన్ చనిపోయి పదేళ్లు దాటింది. తెలుగు వ్యాకరణం మాత్రం పునర్ముద్రణలు పొందుతూనే ఉంది. దాన్ని కొన్నవాళ్లలో ఎక్కువమంది తెలుగు నేర్చుకోవాల్సిన విదేశీయులే. తెలుగు పండితుల వివాదం వేరే గదిలో నడిచింది.