లక్కపలకలపై తొలిపాటలు

మన కురుపామునకు పొరుగుననున్న సాలూరు ప్రాంతమందలి శివరామపురమున 1922లో జన్మించిన సాలూరి రాజేశ్వరరావుగారిని లోకము 1951 నాటి ‘మల్లీశ్వరి’ సంగీతకర్తగా నెరుగును. కాని 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రమున బాలకృష్ణుడగుటకు మునుపే ఆయన కంఠము గ్రామఫోను పలకల కెక్కినది. పిదప లలితగీతములకు తామే వరుసలు కట్టి, రావు బాలసరస్వతీదేవిగారితో గూడియు పాడిరి. కచేరీ కీర్తనకును నాటకపద్యమునకును నడుమ, ఇంట నెవరైనను పాడుకొనదగిన మార్గ మొకటి అట్లేర్పడినది. ఆ మార్గము నెరుగనివారికి ‘మల్లీశ్వరి’ మాధుర్యము ఆకసమునుండి యూడిపడినట్లు తోచును.

ఆ పలకలు లక్కతో చేసినవి. ప్రక్క కొక్కటి చొప్పున మూడు నిమిషముల పాట; చేజారిన ముక్కలే. వానిలో పెక్కు సేకర్తల శ్రద్ధవలననే మరల వినబడుచున్నవి. కావున అటకమీది పాతపెట్టె దించినపుడు, పాతసామానులవానికి వేయకముందు, పలకపై పేరొకసారి చదువుడు.